ఉల్లేఖనం, ఋణం, అంగిలి: శ్రీకాకుళం అడ్డపొగ పరిశోధనల ఆధారంగా ఒక నైతిక ప్రశ్న

క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే స్క్రీనింగ్ రంగంలో పనిచేసే పరిశోధకుణ్ణి నేడు సభకు పరిచయం చేసేటప్పుడు మూడు అంకెలు చదువుతారు. ఆయన ప్రచురించిన వ్యాసాలెన్ని, వాటిని ఇతరులు ఉల్లేఖించిన సందర్భాలెన్ని, హెచ్-సూచి ఎంత. ఆ మూడూ విన్నాక సభ చప్పట్లు కొడుతుంది. ఆయన బృందం ఎందరి నోళ్లు తెరిపించి చూసింది, అందులో అనుమానం తగిలినవారు తరువాత ఏమయ్యారు, ఎందరు బతికి బట్టకట్టారు అన్న వివరాలకు ఆ పరిచయపత్రంలో గడి ఉండదు.

ఈ అంకెలు కొలుస్తున్నది దేనిని, అవి తీరినట్టు చూపుతున్న ఋణం ఎవరిది అన్న ప్రశ్నను, 1960ల నుంచి శ్రీకాకుళం ప్రాంతంలో అడ్డపొగ మీద జరిగిన నోటి క్యాన్సర్ పరిశోధనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. వైద్యశాస్త్ర విషయం తెలుగు శాఖ పత్రికలో ఎందుకన్న సందేహం సహజమే. ఉల్లేఖనం అంకెగా మారకముందు అది వాఙ్మయ సంప్రదాయం. పూర్వుల మాటను పూర్వులదిగా చెప్పడం వ్యాఖ్యాతలూ పాఠపరిష్కర్తలూ మనకు నేర్పిన పని. పైగా ఈ పరిశోధనలు జరిగింది తెలుగు నేల మీద, తెలుగు మాట్లాడే నోళ్లలో. వాటి ఫలితాలు నిలిచింది ఇంగ్లీషు పత్రికల్లో. ఈ దూరం భాషాసాహిత్య విద్యార్థి పట్టించుకోదగినదేనని నా అభిప్రాయం.

కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానాల ఆరంభంలో చేసుకున్న నియమం ప్రసిద్ధం. ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ఆయన మాట ఇచ్చాడు. అక్కడ ఆధారం చూపడాన్ని వినయంగా కంటే ధర్మంగా గ్రహించాలి. ఈ ధర్మానికి వెనక ఉన్న భావన ఋణం. తైత్తిరీయ సంహిత ప్రకారం బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడు. దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో, ఋషిఋణం బ్రహ్మచర్యంతో, అంటే అధ్యయనంతో తీరుతాయి. శతపథ బ్రాహ్మణం వీటికి నాలుగోదాన్ని చేర్చింది. అది మనుష్యఋణం. తోటి మనుషులకు చోటివ్వడం, అన్నం పెట్టడం దాన్ని తీర్చే మార్గాలు. మన చర్చల్లో మొదటి మూడూ తరచు వినిపిస్తాయి; నాలుగోది అరుదు. ఆ వర్ణ పరిధిని పక్కనపెట్టి, ఈ విభజనను ఒక ఆలోచనా పరికరంగా మాత్రమే ఇక్కడ వాడుకుంటున్నాను. ఉల్లేఖనం ఋషిఋణం తీర్చుకొనే ఆధునిక రూపం. స్క్రీనింగ్ పరిశోధకుడు మాత్రం ఇద్దరికి అప్పుపడతాడు. తనకంటే ముందు రాసినవారికి ఒకటి, తన ముందు నోరు తెరిచినవారికి మరొకటి. మొదటి అప్పు తీరిన లెక్కను రెండో అప్పు తీరినట్టు చూపడం దగ్గరే నైతిక చిక్కు మొదలవుతుంది.

ఉల్లేఖనాల సూచి పుట్టింది కొలవడానికి కాదు, వెతకడానికి. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో దీన్ని ప్రతిపాదించినప్పుడు ఆయన ముందున్న నమూనా అమెరికన్ న్యాయవాదులు వాడే తీర్పుల సూచిక. ఒక తీర్పును తరువాతి న్యాయస్థానాలు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో అది చెబుతుంది. అలాగే ఒక శాస్త్రభావన తరువాత ఎవరి చేతుల్లోకి వెళ్లిందో తెలుసుకోవడానికి 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. వెతకడానికి చేసిన జాబితాలో సహజంగానే కూడికలున్నాయి. కూడికలున్నచోట పోలికలొచ్చాయి. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక వ్యక్తి మొత్తం కృషిని ఒకే అంకెలో చెప్పే పద్ధతి సూచించాడు. ఒక్కొక్కటి కనీసం ఇరవై సార్లు ఉల్లేఖితమైన వ్యాసాలు ఇరవై ఉంటే ఆయన హెచ్-సూచి ఇరవై. మన విశ్వవిద్యాలయాల్లో 2010 నాటి యూజీసీ నిబంధనలు తెచ్చిన ఏపీఐ పాయింట్ల కథ ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఉల్లేఖనాల సంఖ్యకూ మనుషులకు జరిగిన మేలుకూ సంబంధం ఎంత వదులుగా ఉంటుందో చూపడానికి ఒక తెలుగు ఉదాహరణ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీరద్రవాల్లో భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ప్రచురించాడు. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉల్లేఖితమైన వ్యాసాల్లో అదొకటి. కారణం సులభం. ఆ పద్ధతి వాడిన ప్రతి ప్రయోగశాలా దాన్ని పేర్కొనాలి. అదే సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన కృషి నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగాడు. ఆ వ్యాస రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. భాస్వరం కొలతకు దక్కిన ఉల్లేఖనాలనూ, ఆ పిల్లలకు దక్కిన రోజులనూ ఒకే తక్కెడలో వేయలేం. రెండూ గొప్పవే, రెండింటి జాతి వేరు.

ఇక శ్రీకాకుళం. చుట్టను వెలిగించి, మండే కొసను నోటిలోపల ఉంచుకొని పొగ పీల్చడాన్ని ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు. పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలలో, ఈ అలవాటు తరతరాలుగా ఉంది. గాలికి చుట్ట ఆరిపోకుండా, నుసి రాలకుండా, ఒక్క చుట్ట ఎక్కువసేపు వచ్చేలా ఇలా తాగుతారని చెబుతారు. విజయనగరం వాడైన గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం చేత పొగతాగడానికి పురాణ ప్రమాణం చెప్పించాడు. అది ఇంగ్లీషు ముక్కలొచ్చిన మగవాడి పొగ, మాటకారి పొగ. అదే సీమలో నిప్పును నోట దాచుకొని నాట్లు వేసిన స్త్రీల పొగకు అలాంటి వాచాలత లేదు. కాల్చే నిప్పు తగిలేది అంగిలికి. వ్యాకరణం చదివే మనకు అంగిలి తాలవ్యాల స్థానంగానే పరిచయం. వైద్యులకు అది ఈ ప్రాంతపు ప్రత్యేక రోగస్థానం. మిగతా భారతదేశంలో నోటి క్యాన్సర్ బుగ్గ లోపలా నాలుక మీదా ఎక్కువగా కనిపిస్తే, ఇక్కడ గట్టి అంగిలి మీద కనిపించడం వైద్యులను ఆశ్చర్యపరిచింది.

ఈ గమనికకు ఒక ఉల్లేఖన వంశవృక్షం ఉంది. 1937లో విశాఖపట్నం వైద్యులు ఎం.జి. కినీ, కె.వి. సుబ్బారావు 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో క్యాన్సర్ సమస్య గురించి రాశారు. 1945లో వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయి అలవాట్ల వల్ల వచ్చే మూడు కొత్త రకాల క్యాన్సర్లను భారతదేశం నుంచి ప్రపంచానికి పరిచయం చేస్తూ చుట్ట వల్ల వచ్చే అంగిలి క్యాన్సర్‌ను వాటిలో చేర్చారు. తరువాత సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, ఆయన సహచరులు అడ్డపొగ తాగేవారి అంగిలి కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి 1970లలో వరుసగా వ్యాసాలు ప్రచురించారు. ఒకరినొకరు పేర్కొంటూ వచ్చిన ఈ వరుస లేకపోతే 1937 నాటి గమనిక ఎక్కడో అటకెక్కేది. ఉల్లేఖనం చేసిన ఈ మేలును తక్కువ చేయడానికి నేను సిద్ధంగా లేను. రాసేవారి మధ్య జ్ఞాపకాన్ని నిలిపే సాధనంగా దానికి సాటి లేదు.

1966-67లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన విభాగం ఫలీ మెహతా నాయకత్వంలో, కోపెన్‌హాగన్ నిపుణుడు యెన్స్ పిండ్‌బోర్గ్ సహకారంతో, దేశంలోని ఐదు జిల్లాల్లో ఇంటింటి సర్వే జరిపింది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్, సింగ్‌భూమ్, దర్భంగా ఆ జిల్లాలు. పరీక్షించినవారు 50,915 మంది గ్రామీణులు. వారిలో శ్రీకాకుళం జిల్లావారు 10,169 మంది. నేటి విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో కొంత భాగం అప్పటికి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. ఈ సర్వేకు డబ్బు అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ నుంచి పి.ఎల్. 480 ఒప్పందం కింద వచ్చింది. అంటే, అమెరికా పంపిన ఆహారధాన్యానికి ప్రతిగా భారతదేశంలో పోగైన రూపాయలు. శతపథం చెప్పిన అన్నం, చోటు అనే రెండు మాటలు ఇక్కడ వింతగా కలుస్తాయి. తిండిగింజల బదులుగా పోగైన డబ్బుతో పల్లెకు వచ్చిన పరిశోధకులకు పల్లె తన గుమ్మంలో చోటిచ్చింది.

ఆ 10,169 మంది మీద ప్రత్యేక వ్యాసం 1971లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్'లో వచ్చింది. వారిలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారని అది తేల్చింది. పదివేల నూట అరవై తొమ్మిది అన్న సంఖ్య వ్యాసం శీర్షికలోనే ఉంది. అటుపై అదే జనం మీద పదేళ్ల పాటు జరిపిన పునఃపరీక్షల ఫలితాలు 1980లోనూ, అడ్డపొగ తాగేవారి మరణాల రేటు 1984లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లోనూ వచ్చాయి. అడ్డపొగ మీద ఎక్కడ ఎవరు రాసినా నేటికీ ఆ సంఖ్యలకు తలవంచక తప్పదు. మనుషుల గుంపు ఒకటి శీర్షికలో అంకెగా మారి, ఆ అంకె తిరిగి ఎన్నో వ్యాసాల అడుగుజాబితాల్లోకి ప్రయాణించింది. ప్రతి మజిలీలోనూ రచయితల ఖాతాలో ఒక్కొక్కటి జమైంది. ఆ పదివేల మంది ఖాతా అంటూ ఒకటి లేదు కాబట్టి అందులో జమ కావలసిన ప్రశ్నే రాలేదు.

ఇక్కడ ఒక మాట మీద కాసేపు ఆగాలి. సంస్కృతంలో ముఖం అంటే నోరూ అవుతుంది, మొహమూ అవుతుంది. ప్రబంధాల్లో ముఖపద్మాలు వర్ణించినవారు ఈ రెండర్థాల్ని విడదీయలేదు. పరీక్షకుడు టార్చిలైటు వెలుగులో చూసేది ముఖం మొదటి అర్థాన్ని. ఎదుటి మనిషి ముఖమే మనల్ని బాధ్యతకు పిలుస్తుందని చెప్పిన ఫ్రెంచి తత్త్వవేత్త లెవినాస్ తీసుకున్నది రెండో అర్థాన్ని. స్క్రీనింగ్ నీతిశాస్త్రం నిజానికి ఈ శ్లేష మీదే నిలబడి ఉంది. నోరు మాత్రమే చూసి మొహం చూడకపోతే తెల్లమచ్చ దొరుకుతుంది, మనిషి దొరకదు.

స్క్రీనింగ్‌ను తెలుగు పత్రికలు కొన్నిసార్లు 'జల్లెడ పట్టడం' అంటాయి. మంచి మాటే గాని ఇల్లాలు జల్లెడ పట్టేటప్పుడు పిండి తనది. ఇక్కడ జల్లెడ ఒకరిది, పిండి మరొకరిది. ఈ భేదం నుంచే స్క్రీనింగ్ మోసే నైతిక భారం పుడుతుంది. మామూలు వైద్యంలో బాధ ఉన్న మనిషి వైద్యుణ్ణి వెతుక్కుంటూ వస్తాడు. అడిగినవాడికి తెలిసినంతలో సాయం చేస్తే వైద్యుడి మాట చెల్లుతుంది. స్క్రీనింగ్‌లో ఏ బాధా లేని మనిషి గుమ్మంలోకి పరీక్షకుడే వస్తాడు. నీలో నీకు తెలియనిది ఒకటి ఉండవచ్చు, చూస్తాను అంటాడు. ఆ మాటలోనే ఒక వాగ్దానం ఉంది: కనిపిస్తే ఏదో చేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ 1968లో రాసిన స్క్రీనింగ్ సూత్రాల్లో, రోగనిర్ధారణకూ చికిత్సకూ సౌకర్యాలు అందుబాటులో ఉండాలన్నది ఒకటి. అది పరిపాలనా సూత్రంలా కనిపించే నీతిసూత్రం. అడగకుండా వచ్చినవాడు ఖాళీ చేతులతో వెళ్లకూడదు.

పరిశోధన కోసం చేసే స్క్రీనింగ్‌లో ఈ వాగ్దానం మరింత చిక్కుపడుతుంది. 1980 నాటి వ్యాసం శీర్షికలో క్యాన్సర్‌కు ముందుదశ మచ్చల 'సహజ చరిత్ర' అనే పారిభాషిక పదం ఉంది. మచ్చ తనంతట తాను ఏ దారి పడుతుందో, తగ్గుతుందో, నిలుస్తుందో, ముదురుతుందో కనుక్కోవడం దాని భావం. అలా కనుక్కోకపోతే ఏ మచ్చకు భయపడాలో ఎవరికీ తెలియదు. కాని చరిత్ర రాయాలంటే అది జరగాలి, జరిగేది ఒకరి నోటిలో. ఆ పరిశోధకులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారు అన్ని వేల గుమ్మాలకు ఏళ్ల తరబడి తిరిగారు. ఆ ఓపికకు హెచ్-సూచిలో కొలత లేదు. నేను ఎత్తిచూపేది వారు చేసిన పనిలోనే ఇమిడి ఉన్న ఋణాన్ని. చూసి తెలుసుకున్నవాడు, చూడనిచ్చినవారికి బాకీ.

ఈ బాకీ తూకం స్పష్టంగా కనిపించే చోటు మహారాష్ట్రలోని ఉస్మానాబాద్. అక్కడ 52 గ్రామ సముదాయాల్లో 30 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న 1,31,746 మంది స్త్రీల మీద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ ప్రయోగం జరిగింది. రంగస్వామి శంకరనారాయణన్ ప్రధాన రచయితగా 2009లో 'న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఫలితాలు వచ్చాయి. జీవితంలో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష ఈ క్యాన్సర్ మరణాలను దాదాపు సగానికి తగ్గించిందని తేలింది. ఆ పరీక్ష బృందంలో 34 మరణాలు, స్క్రీనింగ్ చేయని పోలిక బృందంలో 64. ఈ రంగంలో తరచు ఉల్లేఖితమయ్యే వ్యాసాల్లో ఇదొకటి, అందుకు పూర్తిగా అర్హమైనది. అయితే ఆ వ్యాసానికి బలం ఎక్కడిది? 34కూ 64కూ ఉన్న తేడాలోది. అంటే పోలిక బృందంలోని స్త్రీల మరణాలు ఆ వాక్యానికి కర్తలు కాకపోయినా ఆధారాలు. దేశంలో స్క్రీనింగ్ అన్నది లేనప్పుడు పోలిక బృందానికి స్క్రీనింగ్ చేయకపోవడం అన్యాయమా, లేక అందరికీ ఉన్న స్థితిలోనే వారినీ ఉంచడమా అన్న వాదం తరువాత చాలా తీవ్రంగా నడిచింది. ఆ వాదంలో ఎవరి పక్షం వహించినా ఒక విషయం మిగులుతుంది. ఆ వ్యాసాన్ని పేర్కొన్న ప్రతిసారీ పరోక్షంగా ఆ 64 మందినీ సాక్ష్యానికి పిలుస్తున్నాం. సాక్షికి దారిబత్తెం ఇవ్వడం న్యాయస్థానాల్లో కూడా ఉన్న మర్యాద.

శ్రీకాకుళానికి తిరిగి వద్దాం. అదే బృందం తరువాతి దశలో చూడటంతో ఆగక మాన్పించే ప్రయత్నానికి దిగింది. ఎర్నాకుళం, శ్రీకాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,471 మంది పొగాకు వాడేవారిని ఎంచుకొని, ఏటా పరీక్షిస్తూ, అలవాటు మానమని చెబుతూ ఐదేళ్లు తిరిగారు. ప్రకాశ్ గుప్తా ప్రధాన రచయితగా 1986లో 'లాన్సెట్' దీన్ని ప్రచురించింది. చెప్పిన పద్ధతిని ఆ వ్యాసం రెండు ముక్కల్లో పేర్కొంది: వ్యక్తిగత సంభాషణ, ప్రచార సాధనాలు. నా దృష్టిలో ఈ మొత్తం పరిశోధనల్లో తెలుగు విద్యార్థిని నిలవేసే చోటు ఇదే. ఎర్నాకుళంలో ఆ సంభాషణ మలయాళంలో జరిగి ఉంటుంది, భావ్‌నగర్‌లో గుజరాతీలో. మన దగ్గర శ్రీకాకుళం తెలుగులో. నలభై ఏళ్లుగా నోట్లో నిప్పు పెట్టుకుంటున్న స్త్రీ చేత దాన్ని తీయించగల మాట ఏమిటి? ఆమె ఏమని ఎదురు చెప్పింది? ఏ మాటకు నవ్వింది, ఏ మాటకు ఆలోచనలో పడింది? పరిశోధనలో చికిత్స అంటూ ఉన్నది ఆ మాటలే. మందు మోతాదు ఎంతో రాయని ఔషధ ప్రయోగాన్ని ఏ పత్రికా అంగీకరించదు. మాటే మందైనచోట మాత్రం 'వ్యక్తిగత సంభాషణ' అన్న రెండు పదాలతో సరిపెట్టుకున్నాం. ఫలితం ఉల్లేఖితమైంది, ఫలితాన్ని మోసిన భాష సూచిలోకి ఎక్కలేదు.

చుట్ట అన్న పదంలో తొలి అక్షరం దంత్య చకారమని విద్యార్థులకు పాఠం చెబుతాం. మా అమ్మమ్మ తరం స్త్రీలు దాన్ని 'సుట్ట' అనేవారు. అంగిలి కమిలిందనీ, కారం తగిలితే మండుతోందనీ, 'ఏటవద్దిలే' అనీ అనేవారు. ల్యూకోప్లేకియా అన్న మాట వారి దాకా ఎన్నడూ రాలేదు, రావలసిన పనీ లేదు. వారి మాటలు ల్యూకోప్లేకియా దాకా వెళ్లవలసింది. కమలడానికీ, మండడానికీ, పుండు పడటానికీ మధ్య వారు పాటించే తేడాలు ఒక విధమైన రోగలక్షణ శాస్త్రమే. సర్వే పత్రంలో 'అవును', 'కాదు' అనే రెండు గడుల్లో అవి ఇమడవు.

అంకెల పక్షాన చెప్పవలసిన వాదం ఒకటుంది, అది బలమైనది. అంకె లేకపోతే దాని స్థానంలోకి వచ్చేది న్యాయం కాకపోవచ్చు. పెద్దల ఇష్టాయిష్టాలు, కులం, ప్రాంతం, గురుశిష్య పరంపర పేరిట సాగే సిఫారసులు రావచ్చు. సిఫారసు లేని చోటి నుంచి వచ్చిన యువ పరిశోధకుడికి తన వ్యాసాన్ని పరిచయం లేనివారు పేర్కొన్నారన్న లెక్క ఒక రక్షణ. పరిశోధక విద్యార్థిగా నేను దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. పీహెచ్‌డీకి ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తొలగించినా, ఉద్యోగపు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని గురించే ఉంటుందని మాకందరికీ తెలుసు. తెలుగులో రాసిన వ్యాసం అంతర్జాతీయ సూచీల్లో సున్నాగా నమోదవుతుందన్న ఆవేదన మన శాఖల్లో తరచు వింటాం. ఆ ఆవేదన న్యాయమైనదే. అయినా ఆ సున్నానూ, పరీక్ష చేయించుకున్న స్త్రీకి లేని ఖాతానూ ఒకే గాటన కట్టడం సరికాదు. మనకు నష్టపోయేది గుర్తింపు. ఆమెకు అంగిలి.

మరొక అభ్యంతరం ఇంతకంటే సూక్ష్మమైనది. పరీక్షలో పాల్గొన్నవారి పేర్లు దాచడం పరిశోధకుడి విధి. ఆ గోప్యత లేకపోతే ఊళ్లో ఆమెకు తలవంపులు, కూతురి పెళ్లికి ఆటంకాలు. కాబట్టి ఆమెను ఉల్లేఖించాలని కోరడం అర్థరహితం. నిజమే. దీని నుంచి తేలేది ఆమెకు బాకీ లేదని కాదు. ఆ బాకీ పేరు పెట్టి తీర్చే రకానిది కాదని. ఋషిఋణానికి నాణెం పేరు. మనుష్యఋణానికి నాణెం శతపథం చెప్పినట్టు చోటు, అన్నం. నేటి భాషలో చెప్పాలంటే, ఆమె ఊరికి తిరిగి రావడం, తెలిసినదాన్ని ఆమె మాటలో చెప్పడం, మచ్చ కనిపించిన నోటికి ఆస్పత్రి దారి చూపడం. అజ్ఞాత ఋణదాతకు ఇవ్వవలసినది ఆమె వర్గానికీ ఆమె చోటుకీ ఇవ్వాలి. మన పల్లెల్లో పేరు తెలియని బాటసారి చనిపోతే ఊరు కర్మ చేయిస్తుంది. అప్పు ఎవరిదో తెలియనప్పుడు ఊరుమ్మడిగా తీర్చే పద్ధతి మనకు కొత్త కాదు.

గొప్ప ప్రభావం ఉల్లేఖనంలో కనిపించకపోవడం కూడా ఈ ప్రాంతానికి బాగా తెలిసిన సంగతే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి వాదం వల్లనే ఈ వ్యాసం ఈ భాషలో సాధ్యమైంది. వాడుకభాషలో రాసే ఏ వార్తాపత్రికా ప్రతి సంచికలో ఆయన్ను పేర్కొనదు. రాబర్ట్ మెర్టన్ దీన్ని విలీనమై మాసిపోవడంగా వర్ణించాడు: భావన అందరిదైనప్పుడు కర్త పేరు రాలిపోతుంది. అడ్డపొగ పరిశోధనకు అంతకంటే గొప్ప విజయం ఉండదు. అడ్డపొగ అంటే ఏమిటో తెలియని తరం శ్రీకాకుళంలో పెరిగి, అంగిలి క్యాన్సర్ మీద కొత్త వ్యాసాలు రాయడానికి రోగులు దొరకని రోజు వస్తే ఆ వ్యాసాల ఉల్లేఖనాలు తగ్గుతాయి. సూచిలో పతనంగా కనిపించేది ఊళ్లో పంటగా కనిపిస్తుంది. ఇలా కోరుకోగల పరిశోధకుడు అరుదు; కోరుకోవడానికి వీలిచ్చే కొలమానం ఇంకా అరుదు.

శ్రీకాకుళంలోనే మరో రకం లెక్క కూడా ఉంది. కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలను పోగుచేస్తుంది. ప్రసిద్ధుడి కథకూ, ఒక్క కథ రాసి మానేసిన అజ్ఞాత రచయిత కథకూ అక్కడ ఒకే విధంగా చోటు దొరుకుతుంది. ఏ కథ ఎంత గొప్పదో చెప్పడం దాని పని కాదు, ఏ కథా పోకుండా చూడటమే దాని పని. లెక్కించడమంటే వరుసలో నిలబెట్టడమే కానక్కరలేదు, ఒక్కరూ తప్పిపోకుండా చూసుకోవడం కూడా లెక్కే. చంటిబిడ్డల్ని తిరనాళ్లకు తీసుకెళ్లిన తల్లి వేసుకొనే లెక్క రెండోది. పరిశోధన సంస్థలు మొదటి లెక్కలో ఆరితేరాయి.

ఆ రెండో లెక్కలో మనం ఎక్కడున్నామో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. దేశంలో 30-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం, పురుషులలో 1.2 శాతం. నోటిని కంటితో చూసే సాదా పరీక్ష పొగాకు, మద్యం వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలను 34 శాతం తగ్గించగలదని తిరువనంతపురం ప్రయోగం 2005లోనే 'లాన్సెట్'లో చూపింది. శ్రీకాకుళం సర్వే జరిగి అర్ధశతాబ్దం దాటింది. ఇన్ని ఉల్లేఖనాల తరువాత నూటికి ఒక్క స్త్రీ నోటి దాకానైనా పరీక్ష చేరలేదు. దీనికి పరిశోధకులను నిలదీయడం అన్యాయం. డబ్బు, సిబ్బంది, రాజకీయ సంకల్పం వారి చేతిలో ఉండవు. అయితే 'ఈ పరిశోధన ప్రభావం విశేషం' అని పరిచయపత్రంలో రాసేటప్పుడు ప్రభావం అన్న మాటను ఎవరి మీద అన్న ప్రశ్న లేకుండా వాడటం భాషాపరంగానే దోషం. తెలుగులో ఆ మాట ఎప్పుడూ ఎవరో ఒకరి 'మీద'నే ఉంటుంది.

నేడు ప్రభుత్వ కార్యక్రమాల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షకు ఇల్లిల్లూ తిరుగుతున్నది ఆశా కార్యకర్తలూ ఏఎన్ఎంలూ. ఆ ఆడపిల్లలు అడ్డపొగ తాగే ముసలమ్మతో ఏ మాటలతో సంభాషణ మొదలుపెడతారో, ఏ మాటకు తలుపు తెరుచుకుంటుందో, దేనికి మూసుకుంటుందో ఇప్పటికీ ఎవరూ సేకరించవచ్చు. మాండలిక పదకోశాలు కూర్చిన అనుభవం మన శాఖలకు ఉంది. వృత్తిపదాల కోసం సాలెమగ్గం దగ్గరా చేపల రేవు దగ్గరా కూర్చున్నవారు మనలో ఉన్నారు. సోంపేట నుంచి చీపురుపల్లి దాకా నోటి బాధకు సంబంధించిన మాటల పట్టిక ఒకటి తయారైతే అది ఏ అంతర్జాతీయ సూచిలోనూ నమోదు కాదు. సర్వే పత్రం కూర్చేవారి బల్ల మీద ఉంటుంది. అందులో 'కమిలింది' అన్న మాటకు ఒక గడి ఉంటుంది.